హీరో వెనకున్న ఫైరింజనుకి ఎన్ని చక్రాలు?

అందరూ కాశీ వెళ్ళొస్తారు, తిరుపతి వెళ్ళొస్తారు. వచ్చి ప్రసాదం పంచుతారు. నేను ఒక ఫైరింజనుకి చక్రాలెన్నో చూడ్డానికి తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగొచ్చాను. ప్రసాదం తేలేదు గానీ బాపట్ల జీడిపప్పు తెచ్చాను. అదీ మా ఆవిడ చేతికి అందేలోపు రైల్లోనే సగమైపోయింది.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నేను కాకినాడలో డ్రాయింగు మాస్టార్ని. పాత సినిమాల్లో విమానాశ్రయం సీను వస్తుంది చూడండి, హీరో సూటు వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మెట్లు దిగుతూ చెయ్యి ఊపుతాడు. హాల్లో అందరూ హీరోని చూస్తారు. నేను వెనకాల ఎక్కడో నిలబడ్డ ఫైరింజనుని చూస్తాను. ఊళ్ళో తిరిగే ఫైరింజను వేరు, విమానాశ్రయంలోది వేరు. ఊళ్ళోదానికి పెద్ద నిచ్చెన ఉంటుంది. విమానాల దానికి నిచ్చెనతో అంత పని లేదు. నెత్తిమీద ఫిరంగిలాంటి గొట్టం ఉంటుంది, అందులోంచి నురగ కొడుతుంది. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే ఏం లాభం? ఆ రోజుల్లో ఈ బళ్ళన్నీ సీమ సరుకే. యుద్ధంలో తెల్లవాళ్ళు తెచ్చుకుని, పోతూ పోతూ వదిలేసి పోయినవి. వాటి ముక్కు చూసి, మడ్‌గార్డు వంపు చూసి ఏ కంపెనీదో చెప్పేయగలను. ఇంగ్లీషు యుద్ధం సినిమాలన్నీ ఇందుకోసమే చూశాను, ఎవరు గెలిచారో మాత్రం అడక్కండి.

"హీరోయిన్ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే ఈయన టైర్లు చూసి మురిసిపోతారు" అని మా ఆవిడ సుభద్ర వీధంతా టముకు వేసింది. వేసుకోనీ.

వీడియో డెక్కులు అద్దెకిచ్చే దుకాణాలు కొత్తగా వచ్చిన రోజులవి. ఒక ఆదివారం ఒక నలుపు తెలుపు తెలుగు సినిమా తెచ్చుకున్నాం. దాని పేరు చెప్పను. చెబితే మీరు కథ గురించి మాట్లాడతారు, నాకు కథతో పని లేదు. హీరో పై చదువులు చదివి మద్రాసులో విమానం దిగాడు. వెనక మొద్దు ముక్కు ఫైరింజను! అన్నం కంచం వదిలేసి టీవీ దగ్గరికి పరిగెత్తాను. తీరా చూస్తే హీరో చుట్టూ దండలు పట్టుకున్న జనం. బండి పై సగమే కనపడుతోంది. ఆ కాసెట్టు ఎన్ని ఇళ్ళు తిరిగిందో ఏమో, వెనక ఉన్నదంతా సేమియా పాయసంలా ఉంది. ఆ మొద్దు ముక్కు బళ్ళలో రెండు రకాలున్నాయి. క్రాస్లీ అయితే నాలుగు చక్రాలు. ఫోర్డ్‌సన్ అయితే ఆరు, వెనక జంటగా ఉంటాయి. పై సగం చూస్తే అవి రెండూ అన్నదమ్ములే. చక్రాలు కనపడితే గానీ చెప్పలేం.

మర్నాడు స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్పుకుని వాపోతున్నాను. మా సైన్సు మాస్టారు ప్రకాశరావు రేపల్లె మనిషి, నా గోల వినీ వినీ అలవాటైపోయినవాడు. టిఫిను డబ్బాలోంచి తలెత్తే రకం కాదు. ఆ రోజు డబ్బా మూత పెట్టేశాడు.

"అందులో మా నాన్న ఉన్నాడంటండి, మాస్టారూ" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. యుద్ధం రోజుల్లో బాపట్ల దగ్గర తెల్లవాళ్ళ విమానాల మైదానం ఉండేది. వాళ్ళ నాన్న అక్కడ ఫైరింజను మీద పనికి చేరాడు. ఆరు చక్రాల బండి. యుద్ధం అయ్యాక ఆ బండి వెంటే మద్రాసు వెళ్ళాడు. అక్కడ రెండు బళ్ళు ఉండేవట, ఆరు చక్రాలది ఒకటి, నాలుగు చక్రాలది ఒకటి. ఎవరి బండి వాళ్ళదే, ఒకరి బండి ఇంకొకరు ముట్టరు. ఒకసారి సినిమావాళ్ళు వచ్చి షూటింగు చేసుకుపోయారు. నేనూ సినిమాలో పడ్డానని ఇంటికి కబురు పంపాడు. ఆ సినిమా ఆడకముందే జ్వరమొచ్చి పోయాడు. ప్రకాశరావుకి అప్పటికింకా మాటలు రాలేదు. ఇంట్లో ఉన్న ఒక్క పెళ్ళిఫొటో ఆయనకి ఊహ తెలియకముందే వచ్చిన ఉప్పెనలో ట్రంకుపెట్టెతో సహా కొట్టుకుపోయింది.

"మరి మీరు సినిమా చూడలేదా?" అన్నాను.

"చూశానండి, చాలాసార్లు చూశాను. బండి దగ్గర మనుషులు కనపడతారు. మా నాన్న ఎలా ఉంటాడో నాకు తెలిస్తేగా?"

తెలిసిన మనిషి వాళ్ళమ్మ మార్తమ్మగారు ఒక్కరే. ఆవిడ మిషను బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. లూథరన్ క్రైస్తవ కుటుంబం, ఆదివారం గుడి తప్పనివాళ్ళు. సినిమా గడప తొక్కనని పెళ్ళికి ముందే తల్లికి మాటిచ్చారట. ఇన్నేళ్ళూ తొక్కలేదు. ఈమధ్య కంట్లో పొర పడుతోందని డాక్టరు చెప్పాక మెత్తబడ్డారు. చూపు ఉండగా ఆయన్ని ఒక్కసారి చూస్తాననీ, దానికొక షరతుందనీ కొడుకుతో చెప్పారు. "ఆరు చక్రాల బండేనని ఖాయం చేసుకుని రా. అప్పుడొస్తాను. నాలుగు చక్రాల బండి మీద ఎవరో పరాయి మగాణ్ణి చూడ్డానికి నా మాట తప్పను."

ఇన్నాళ్ళకి నా జబ్బుకో పని దొరికింది! ఆ రాత్రి సుభద్ర కూడా ఎగతాళి చేయలేదు. ప్రయాణం నాడు సంచిలో లుంగీ, అటువైపు కారం తగ్గడానికి ఒక బెల్లం అచ్చు పెట్టి ఇచ్చింది. వేసవి సెలవుల్లో ఆ సినిమా తెనాలిలో మార్నింగు షోలు ఆడుతోందని తెలియగానే ఇద్దరం రైలెక్కాం.

తెనాలి: ఎక్కినవాడు దిగడా?

స్టేషను దాటగానే కాలవ, కాలవ దాటగానే సినిమా పోస్టరు, పోస్టరు కింద దాన్ని విమర్శిస్తూ నలుగురు మనుషులు. తెనాలిలో సినిమా చూడ్డం సగం పనే, దాన్ని చీల్చి చెండాడ్డం మిగతా సగం. మా కాకినాడలో సినిమా బాగోకపోతే "ఏదోలెండి, ఆయ్" అని ఇంటికి పోతాం. ఇక్కడ టీకొట్టు దగ్గర పోస్టుమార్టం చేసి గానీ శవాన్ని వదలరు.

హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి, పక్కన అల్లప్పచ్చడి. రెండో ముక్కకే నా చెవుల్లోంచి రైలు కూత వినపడింది. కొంచెం పంచదార తెమ్మని సర్వరుని అడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"ఒంట్లో బాగోలేదా బాబాయ్?"

"గోదావరి జిల్లా అండి" అన్నాడు ప్రకాశరావు, అదేదో రోగం పేరైనట్టు. సర్వరు అర్థమైందన్నట్టు తలాడించి పంచదార తెచ్చాడు. కాఫీ మాత్రం అద్భుతం, రూపాయికి గ్లాసు నిండా ఇచ్చారు.

మార్నింగు షోకి వెళ్ళి కూర్చున్నాం. నా పక్కన ఒక పెద్దాయన, మెడలో తువ్వాలు, ప్రతి సీను వచ్చేముందే నాకు చెప్పేస్తున్నాడు. తెర మీద హీరో తల్లి పక్కింటావిడతో "రేపే మా అబ్బాయి విమానంలో దిగుతున్నాడమ్మా" అంది. నేను సీటు అంచుకొచ్చాను. ప్రకాశరావు నా మోచెయ్యి పట్టుకున్నాడు. తర్వాత సీను: హీరో ఇంట్లో పీట మీద కూర్చుని పప్పన్నం తింటున్నాడు.

"విమానం ఏదీ?" అని లేచి నిలబడ్డాను.

"కూర్చో బాబాయ్, ఇంటికొచ్చేశాడుగా. ఇంకా విమానమెందుకు?" అన్నాడు పెద్దాయన.

ఆట వదలగానే మేడ మీద ప్రొజెక్టరు గదికి వెళ్ళాం. ఆపరేటరు వీరాస్వామి అగ్గిపెట్టెలాంటి ఆ గదిలో బనీనుతో చెమటలు కక్కుతున్నాడు. అడిగితే ఏమాత్రం మొహమాటపడలేదు.

"ఆ ముక్క ఇక్కడ వెయ్యమండి. ఆట పూర్తిగా వేశామంటే రేపల్లె బండి వెళ్ళిపోద్ది. మా జనంలో సగం ఆ లైను ఊళ్ళవాళ్ళే. క్లైమాక్సు మధ్యలో లేచి స్టేషనుకి పరిగెత్తుతారు, పోయి సినిమా బాగోలేదంటారు. అందుకని మొదట్లోనే ఒక పనికిరాని ముక్క తీసి పక్కన పెడతాం."

"పనికిరాని ముక్కా! హీరో విమానం దిగే సీనండీ అది!"

"అదేగా సార్ చెప్పేది. ఎక్కినవాడు దిగడా?"

రైలు కోసం సినిమాని కత్తిరించుకునే ఊరిని నేనింకెక్కడా చూడలేదు. మా వైపు అయితే సినిమా కోసం రైలే కాసేపు ఆగాలనుకుంటాం.

కత్తిరించిన ముక్క పారెయ్యలేదనీ, డబ్బాలో భద్రంగా ఉందనీ చెప్పాడు వీరాస్వామి. తెనాలిలో అదే చివరి ఆట. రీళ్ళ పెట్టెలు సాయంత్రం బాపట్ల వెళ్తాయి, రైలు తొందర లేదు కనక అక్కడ ముక్క మళ్ళీ అతికించి పూర్తి ఆట వేస్తారు. "కావాలంటే చూస్కోండి" అని డబ్బా నా చేతికిచ్చాడు. కిటికీ దగ్గరికెళ్ళి చుట్ట విప్పి, ఎండకి పట్టి, ఒంటి కన్నుతో చూశాను. వేలిగోరంత బొమ్మలో హీరో గోరులో మట్టంత ఉన్నాడు. ఫైరింజను ఇంకా చిన్నది. అందులో చక్రాలు చూడ్డానికి నేను చీమని కాదు కదా! ఉసూరుమని మళ్ళీ చుట్ట చుట్టి ఇచ్చేశాను.

బాపట్ల: తలకిందుల పాఠం

శుక్రవారం బాపట్లలో మార్నింగు షో. రాత్రంతా లాడ్జిలో దోమలతో పాటు ప్రకాశరావు కూడా నిద్రపోలేదు. పొద్దున టిఫిను దగ్గర పెసరట్టు కూడా ముట్టలేదు.

"నాలుగే అయితే మా అమ్మకి ఏం చెప్పాలండీ?" అన్నాడు.

"నాలుగైతే నాలుగని చెబుదాం" అన్నాను. అన్నాను గానీ పెసరట్టు నాకూ గొంతు దిగలేదు. దిగకపోయినా తిన్నాను, ఆయనది కూడా తిన్నాను. అల్లం ముక్కలు దండిగా వేశారు, వదిలేస్తే పాపం.

హాల్లో లైట్లారాయి. పేర్లు, పాట, హీరో తల్లి, పక్కింటావిడ. "రేపే మా అబ్బాయి విమానంలో దిగుతున్నాడమ్మా."

బర్రుమని ఒక చప్పుడు. తెర మీద విమానం తలకిందులుగా ఆకాశానికి అంటుకుని ఉంది. హీరో తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మెట్లెక్కి విమానంలోకి వెళ్ళిపోతున్నాడు. మెడలో దండలు వాటంతటవే లేచి జనం చేతుల్లోకి వచ్చేస్తున్నాయి. హాలంతా ఈలలు, కేకలు.

"ఒరే, విమానం బోర్లాపడిందిరోయ్!"

"వెళ్ళిపోతున్నాడమ్మా మీ అబ్బాయి! పట్టుకోండి!"

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసింది. నిన్న చుట్ట చుట్టింది నేనేగా. చివర లోపల పెట్టాల్సింది మొదలు లోపల పెట్టి చుట్టాను. పై కొసే మొదలనుకుని బాపట్ల ఆపరేటరు ఉన్నదున్నట్టు అతికించేశాడు. ప్రకాశరావు తల పట్టుకున్నాడు. నేనూ పట్టుకోబోయి ఆగాను.

బొమ్మ చూసి గీయమంటే పిల్లలు ముఖం చూసి కంగారుపడతారు. ముక్కు వంకర, కన్ను వంకర. అదే బొమ్మ తలకిందులు చేసి ఇచ్చామనుకోండి, ముఖం సంగతి మరిచిపోయి ఉన్న గీత ఉన్నట్టు గీస్తారు. ఏటా నేనే చెప్పే పాఠం ఇది. కాసెట్టులో చూసినప్పుడు ఆ సీనులో నా కన్ను దండల దగ్గరే తగులుకుని ఆగిపోయింది. ఇప్పుడు దండలు కిందికి పోయాయి, తెర పైభాగానికి కాళ్ళొచ్చాయి. పంచెలు, ప్యాంట్లు, బూట్లు, చెప్పులు. ఆ కాళ్ళ సందుల్లోంచి వెనక దూరంగా ఒక చక్రం. దానికి ఆనుకుని ఇంకో చక్రం. జంట! వెనక జంట!

"ఆరు!" అని కుర్చీ మీదికెక్కి అరిచాను. "ఆరే! ఆరండీ ప్రకాశరావుగారూ! ఫోర్డ్‌సన్!"

"ఎవరు బాబాయ్ కొట్టింది సిక్సరు?" అని ముందు బెంచీలోంచి ఎవరో అడిగారు. నేను పట్టించుకోలేదు. ప్రకాశరావు నన్ను పట్టుకుని ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు, నా చొక్కా మాత్రం తడిసింది. పైనుంచి ఆపరేటరు దిగొచ్చి "ఆ చుట్ట తిరగేసి చుట్టిన మహానుభావుడెవడండీ?" అని ఊగిపోతుంటే, ఇద్దరం పైకప్పు ఫ్యాను ఏ కంపెనీదో చూస్తూ నిలబడ్డాం. మధ్యాహ్నం లోపల అతను ముక్క సరిచేశాడు.

సూర్యలంక దారిలో

బాపట్లలో ఆ సినిమా ఆదివారం దాకా ఉండి, సోమవారం రేపల్లె వెళ్తుంది. మధ్యలో ఖాళీయే. పాత విమానాల మైదానం ఎక్కడుండేదో చూద్దామని రిక్షా కట్టించుకుని సూర్యలంక రోడ్డు మీద పోయాం. ఇసుక, జీడిమామిడి తోటలు, సముద్రపు గాలి. మైదానం చుట్టూ కంచె, అవతల ఏముందో కనపడలేదు. రోడ్డు పక్క పాకలో టీ తాగుతూ అక్కడున్న ముసలివాళ్ళని అడిగాను, యుద్ధం రోజుల్లో ఇక్కడ ఫైరింజను ఉండేదట, చూశారా అని.

"చూడకపోవటమేంటయ్యా, దాని వెనకాలే పరిగెత్తేవోళ్ళం. పది చక్రాలు!" అన్నాడొక తాత.

"పదేంటి నీ మొహం, రెండే" అన్నాడు ఇంకో తాత.

"రెండు చక్రాలకి అది సైకిలవుద్ది గానీ ఫైరింజనెట్టవుద్ది?"

"నువ్వు చూసింది సర్కసు లారీలే."

మేం టీ డబ్బులిచ్చి బయటపడేసరికి వాళ్ళు ఇరవై దాకా వెళ్ళారు. సముద్రం దగ్గర ప్రకాశరావు ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. పెద్ద కెరటం వచ్చి కళ్ళజోడు తీసుకుపోయింది, వెనకాలే వచ్చిన చిన్న కెరటం తెచ్చి ఇచ్చింది. ఇంత మర్యాదగల సముద్రం మా కాకినాడలో లేదని ఒప్పుకున్నాను.

పెట్టె మీద కూర్చుని

సోమవారం తెల్లవారగానే రేపల్లె బస్సు. సినిమా పెట్టెల వెంట డిస్ట్రిబ్యూటరు తరపు మనిషి ఒకడు తిరుగుతాడు, రిప్రజెంటేటివ్ అంటారు. ఇతని పేరు శేషు. మా సంగతి తెలిసి సరదాపడి, మమ్మల్ని కూడా తనతో బస్సెక్కించాడు. సీట్లు లేవు. ఇంజను పక్కన సినిమా పెట్టెలు పెట్టి వాటి మీదే కూర్చోమన్నాడు. ప్రకాశరావు కింద పెట్టెలో మొదటి రీలు ఉంది. అంటే వాళ్ళ నాన్న మీద కూర్చున్నాడన్నమాట. ఆ సంగతి చెప్పగానే చటుక్కున లేచి కర్లపాలెం దాకా నిలబడే వచ్చాడు.

ఆ లేవడమే కొంప ముంచింది. కర్లపాలెంలో అడవులదీవి వైపు వెళ్ళే ఒకావిడ రొయ్యల బుట్టలతో దిగింది. క్లీనరు కంగారులో బుట్టలతోపాటు ఎవరూ కూర్చోని ఆ పెట్టె కూడా కిందికి దించేశాడు. బస్సు కదిలి చాలా దూరం పోయాక శేషు చూసి లబోదిబోమన్నాడు. బస్సాపించి ముగ్గురం వెనక్కి పరిగెత్తాం. నా చెప్పు తెగింది, పంచె ఊడబోయింది. ఆవిడ రోడ్డు పక్కన నింపాదిగా ఆ పెట్టె మీదే కూర్చుని కిళ్ళీ నములుతోంది.

"వస్తారని తెలుసులే. ఎందుకంత ఆయాసం?" అంది. "ఏంటయ్యా ఇందులో, ఇంత బరువుంది?"

"మా నాన్న ఉన్నాడక్కా" అన్నాడు ప్రకాశరావు.

ఆవిడ ఉలిక్కిపడి లేచి పెట్టెకి దణ్ణం పెట్టింది. అది సినిమా పెట్టె అని చెప్పాక పడీ పడీ నవ్వి, గుప్పెడు రొయ్యలు ఆకులో కట్టిచ్చి, "మీ అమ్మకిచ్చి వండించు" అంది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. బస్సులో జనం మమ్మల్ని తిట్టాల్సింది పోయి, ఏమైందో చెప్పించుకుని, తలా ఒక సలహా ఇచ్చారు.

రేపల్లె

మార్తమ్మగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. తెల్లచీర, నెరిసిన ముడి, కళ్ళజోడు వెనక టీచరు చూపు. కొడుకుని పలకరించకుండానే నన్నడిగారు.

"ఎన్ని, బాబూ?"

"ఆరండి, పిన్నిగారూ."

"చూశావా, అనుకున్నావా?"

"చూశానండి."

"అయితే గియ్యి" అని సుద్దముక్క చేతికిచ్చారు. ఇన్నేళ్ళు పిల్లల చేత గీయించిన నేను, గుమ్మం ముందు గచ్చు మీద మొద్దు ముక్కు, నురగ గొట్టం, ముందు చక్రాలు, వెనక జంట గీశాను. ఆవిడ వంగి చాలాసేపు చూశారు. మార్కులు వేస్తారేమో అనుకున్నాను. "అన్నాలు తినండి" అని లోపలికి వెళ్ళారు. రొయ్యలు గోంగూరతో వండారు. కారం ఎంతుందంటే కళ్ళనీళ్ళు కారానివో ఆనందానివో తెలియలేదు. బెల్లం అచ్చు సంచిలోంచి తీయడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు మార్నింగు షోకి ఆవిడ గొడుగు వేసుకుని బయల్దేరారు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. "మార్తమ్మ టీచరుగారు సినిమాకా!" అని ఒకరు ఉండబట్టలేక అడిగేశారు.

"సినిమాకి కాదమ్మా. మా ఆయన్ని చూసొస్తా" అన్నారు ఆవిడ, పక్కూరు వెళ్ళొస్తానన్నంత మామూలుగా.

ఆ మాట మాకన్నా ముందు హాలుకి చేరింది. టికెట్లిచ్చేవాడు ఆవిడ శిష్యుడు, గేటు దగ్గరివాడు శిష్యుడు, ఆపరేటరు కూడా శిష్యుడే. నేల క్లాసులో సగం మంది ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళే. ఆవిడ రాగానే బీడీలు ఆరిపోయాయి, చేతులు కట్టుకున్నారు. ఆడవాళ్ళ వైపు కాకుండా కొడుకు పక్కనే కుర్చీ వేయించారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆట మొదలవగానే ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, కొంగు చెవులకి కప్పుకున్నారు. సీను వచ్చేదాకా సినిమా చూడరట, వినరట.

హీరో తల్లి, పక్కింటావిడ. "రేపే మా అబ్బాయి..." ప్రకాశరావు తల్లి భుజం తట్టాడు. "అమ్మా, ఇప్పుడు."

ఆవిడ కళ్ళు తెరిచారు. ఈసారి విమానం తిన్నగానే ఉంది, హీరో మెట్లు దిగుతున్నాడు. నేను ముందుకి వంగి, "అదిగో పిన్నిగారూ, బండి ఫుట్‌బోర్డు మీద చేతులు కట్టుకుని దర్జాగా..." అన్నాను. ఇన్నాళ్ళూ మేమిద్దరం ఆ మనిషే అనుకున్నాం.

"ఆయనెవరో" అని ఆవిడ నా చెయ్యి తోసేశారు. మరుక్షణం లేచి నిలబడ్డారు. "ఏవండీ! ఏవండీ, ఇటు!"

హాలంతా వెనక్కి తిరిగింది. ఆ కాస్తలో సీను అయిపోయింది, హీరో పీట మీద కూర్చుని పప్పన్నం తింటున్నాడు.

"వెనక చక్రాల దగ్గర, అటు తిరిగి వంగి గొట్టం చుడుతున్నారు చూశావా? అదేరా మీ నాన్న" అన్నారు కొడుకుతో. "ఆ వీపు నాకు తెలీదా?"

మేము చూడలేదు. అక్కడ ఒక మనిషి ఉన్నాడనే మా ఇద్దరికీ తెలియదు.

"ఇంకోసారి వెయ్యమను నాయనా" అన్నారు ఆవిడ నాతో. "ఈసారైనా ఇటు తిరుగుతారేమో."

సినిమా అలా తిరగదని, ఎన్నిసార్లు వేసినా అదే ఉంటుందని చెప్పబోయాను. ముందు బెంచీలవాళ్ళు అప్పటికే అందుకున్నారు. "వన్స్ మోర్! టీచరుగారికి వన్స్ మోర్!" పాటకి వన్స్ మోర్ అరవడం విన్నాను, ఫైటుకి విన్నాను. ఫైరింజనుకి అరవగా అప్పుడే విన్నాను. ఆపరేటరు ఆట ఆపి, రీలు వెనక్కి చుట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు. హాల్లో ఒక్కరూ హీరోని చూడ్డం లేదు. నేను చక్రాల వైపు చూడలేదు. అందరం ఆ మూల, వంగి ఉన్న ఒక ఖాకీ చొక్కా వీపునే చూస్తున్నాం. గొట్టం ఒక్కొక్క చుట్టే చుట్టాడు, భుజాన వేసుకున్నాడు, బండి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. తిరగలేదు.

మార్తమ్మగారు ఫక్కున నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "మొండి మనిషి. ఇంట్లోనూ అంతే."

"ఇంకోసారి వేయించమంటారా టీచర్?" అని ముందు బెంచీలోంచి ఒకతను లేచి, చేతులు కట్టుకుని అడిగాడు.

"వద్దులే నాయనా" అన్నారు ఆవిడ కూర్చుంటూ. "పనిలో ఉన్నారు. ఊరికే పిలవకూడదు."